లైట్ టేబుల్ మీద అక్క తల

జూన్ 4

అన్యాయం చేసింది సూపర్‌వైజర్. చేయించింది ఓనరు. ముందు ఈ ముక్క రాసి పెట్టుకుంటున్నాను, రేపు ఎవరూ మాట మార్చకుండా.

ఇవాళ మధ్యాహ్నం ప్రెస్‌లో అందరి ముందూ మా అక్కని అచ్చు రంగులు సరిచూసే ప్రూఫ్ టేబుల్ దగ్గర్నుంచి లేపి ఇంటికి పంపారు. బిస్కెట్ పెట్టెల అట్టల ఆర్డరు. ఎరుపు చాలలేదంది అక్క. మెషిన్‌మాన్ పెంచాడు. ఇంకా పాలిపోయి ఉందంది. ఇంకా పెంచాడు. చివరికి ఆమె సంతకం పెట్టిన షీటులో బిస్కెట్ తింటున్న పాపకి జ్వరం వచ్చినట్టుంది మొహం. లాట్ మొత్తం అలాగే నడిచిపోయింది. నీకైనా అనుమానం రాలేదా అని మెషిన్‌మాన్‌ని అడిగాను. రంగు విషయంలో మీ అక్కకి ఎదురు చెప్పి ఎప్పుడు గెలిచాను గనక అన్నాడు.

కళ్లు తెరుచుకుని నిద్రపోయే విద్య ఎక్కడ నేర్చావమ్మా అన్నాడట సూపర్‌వైజర్. నేను బైండింగ్ సెక్షన్ నుంచి పరిగెత్తేసరికి ఆ మాట గాల్లో ఉంది. నేను నోరు తెరిచాను. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఓనరు ఆలోచించుకుని కబురు చేసేదాకా రావద్దట.

ఆయన ఆలోచించడం ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు తెలియదు.

జూన్ 5

అమ్మ కుట్టుమిషను ఆపకుండానే అంతా విన్నది. విని, నువ్వు మాత్రం రేపు పనికి పో, ఇద్దరూ ఇంట్లో కూర్చుంటే గోడలు తినాలి అంది. ఇలాంటి మాటల వల్లే ప్రపంచం ఇలా ఉంది.

జూన్ 6, పొద్దున

అక్క నూనె డబ్బా మూత చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఎర్రటి మూత. ఎడమ కన్ను మూసుకుని చూసింది. తర్వాత కుడి కన్ను మూసుకుని చూసింది. మళ్లీ మొదటి నుంచి. ఏం ఆట అది అన్నాను. కుడి కంటికి ఎరుపే కనిపిస్తోందిరా, ఎడమ కంటికి ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలా ఉంది అంది. చూపు పక్కకి తిప్పితే ఎడమ కన్ను వెనక లాగినట్టు నొప్పట. వారం నుంచీ ఉందట. ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు వీధిలోకెక్కి ఉపన్యాసం ఇస్తావు అంది.

ఇదీ సంగతి. నిద్రపోలేదు. ఎరుపు ఆమెకి అందలేదు.

జూన్ 8

కళ్ల డాక్టరు ఒక కంట్లో టార్చి వేసి, మరో కంట్లో వేసి, మళ్లీ మొదటి కంటికి వచ్చాడు. కంటిగుడ్డులో తప్పేమీ కనిపించడం లేదన్నాడు. దాని వెనకున్న నరం వాచినట్టుందన్నాడు. ఇలాంటి వాపుకి కారణం ఒక్కోసారి మెదడులో దొరుకుతుంది, ఎమ్మారై తీయించి నరాల డాక్టరుకి చూపించండి అన్నాడు. ఇంతకు ముందు చేతులకో కాళ్లకో తిమ్మిరి గాని, పట్టు తప్పడం గాని ఉందా అని అడిగాడు. అక్క లేదంది. చాలా తొందరగా లేదంది.

జూన్ 9

దొరికింది. రీడింగ్ రూములో, పాత పత్రికల కింద, ఒక కరపత్రం. కార్ఖానాల్లో వాడే సాల్వెంట్లు నరాలని తింటాయని అందులో ఉంది. మా ప్రెస్‌లో రోలర్లు కడిగేది దేనితో? సాల్వెంట్‌తోనే. ఆ గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎప్పుడో ఆగిపోయింది. దాని రెక్కల మధ్య పిచ్చుకలు గూడు కట్టి, పిల్లల్ని పెంచి, వాటిని ఎగరేశాయి కూడా. ప్రూఫ్ టేబుల్ ఆ గదికి ఆనుకునే ఉంది.

రెండు రెళ్లు నాలుగు. ఇంకేం కావాలి? కరపత్రం మూడుసార్లు చదివాను. చేతులు ఊరికే ఉండటం లేదు.

జూన్ 11

స్కానింగ్ సెంటరు. అక్క చెవిపోగులు, గాజులు, జడపిన్ను నా అరచేతిలో పోసి లోపలికి వెళ్లింది. సగంలో చేతికి సూది వేసి ఏదో మందు ఎక్కించి మళ్లీ తీశారు. కొత్త వాపుంటే ఆ మందుతో మెరుస్తుందన్నాడు టెక్నీషియన్. తలుపు బయటికి కూడా స్కానింగ్ మెషిను మోత. బయటికొచ్చాక ఎలా ఉందన్నాను. మన పాత సింగిల్ కలర్ మెషిను గుర్తుందా, బేరింగు పోయినప్పుడు కొట్టుకునేదే, దాని పొట్టలో పడుకున్నట్టుంది అంది. నవ్వింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంది.

జూన్ 12

రిపోర్టు వచ్చింది. పెరివెంట్రిక్యులర్, జక్స్టాకార్టికల్ హైపర్‌ఇంటెన్సిటీస్ అట. వాటిలో ఒకటి ఎన్‌హాన్స్ అవుతోందట. డీమైలినేషన్ అయ్యుండవచ్చట. అయ్యుండవచ్చు అంటే ఏమిటి? ఉందా లేదా? కింద మరో మాట, క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్. అంటే నేను చూసింది రాశాను, తేల్చాల్సింది ఇంకొకరు అని. ఆఫీసుల్లో ఫైలు పక్క టేబుల్‌కి తోసినట్టు తోశారు.

డిక్షనరీ పట్టుకుని కూర్చున్నాను. హైపర్ అంటే అతి. ఇంటెన్సిటీ అంటే తీవ్రత. అతి తీవ్రత. అక్క విని, పేరు సరిగ్గా చూశావా, అది నీ రిపోర్టేమో అంది. అమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. నరాల డాక్టరమ్మ అపాయింట్‌మెంట్ పద్దెనిమిదికి గాని దొరకలేదు. అంతవరకు ఏం చేయాలి? కుడితిలో పడ్డ ఎలుకలా ఇంట్లోనే తిరుగుతున్నాను.

జూన్ 13

ఇది వివరంగా రాయాలి.

ఆగలేక స్కానింగ్ ఫిల్ములు చంకన పెట్టుకుని లంచ్ టైములో అక్కని ప్రెస్‌లో చుక్కల మామ దగ్గరికి తీసుకెళ్లాను. మా ప్రెస్ ఇంకా ఫిల్ములతోనే నడుస్తోంది. ప్లేటు చేయడానికి ముందు నెగటివ్‌ని లైట్ టేబుల్ మీద పరిచి, భూతద్దం పెట్టి, దుమ్ము వల్ల పడిన తెల్ల చుక్కలన్నీ వెతికి, సన్నటి కుంచెతో గోధుమరంగు ఓపేక్ అద్ది మూసేయడం మామ పని. ఒక్క చుక్క వదిలితే అది కాగితం మీద మచ్చై కూర్చుంటుంది. పిన్‌హోల్ అంటారు దాన్ని. మామ జీవితమంతా పిన్‌హోల్స్ మూశాడు. మామకి తెలియని ఫిల్ము లేదు. మా నమ్మకం అదీ.

వెనక గుమ్మంలోంచి వెళ్లాం. టేబుల్ మీద దీపాలు వేశాడు. అక్క తల వెలిగింది. అడ్డంగా కోసిన తలలు వరసగా, స్టాంపుల షీటులా, లోపల అక్కడక్కడ తెల్ల చుక్కలతో. మామ భూతద్దం కంటికి ఆనించుకుని ఒక్కో గడీ దాటుకుంటూ వెళ్లాడు. అక్క కూడా ఆ భూతద్దం వెంటే వంగింది. నేనూ.

చివరికి మామ నడుం నిటారు చేసి, ఇంత పెద్ద సెంటరు, ఇంత దిక్కుమాలిన ఫిల్మా అన్నాడు. ఇవన్నీ పిన్‌హోల్సేనమ్మా, కెమెరా అద్దం తుడిచి ఎన్నాళ్లయిందో అన్నాడు. ఆ దుమ్ముకి ఇంగ్లీషులో పేరు పెట్టి నీ చేతికిచ్చారు, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అన్నాడు. అని, కుంచె తడిపి, ఒక షీటులో చుక్కలన్నీ మూసేశాడు. ఒక్కొక్కటీ. నుదుటికి బొట్టు పెట్టినంత నెమ్మదిగా. ఇదిగో, నీ తల శుభ్రం అన్నాడు.

అక్క ఎంత నవ్విందో. ఎన్నాళ్లకో అలా నవ్వింది. దారి పొడుగునా నా భుజం మీద కొడుతూనే ఉంది. పద్దెనిమిదిన డాక్టరు దగ్గరికి వెళ్లేది లేదంది. ఓనరు దగ్గరికి వెళ్లి, కన్ను నలత చేసింది, తగ్గాక వస్తాను అంటే సరిపోతుందంది.

నేనూ నవ్వాను. నా నవ్వు సగంలో ఆగింది. ఎందుకో రేపు రాస్తాను.

జూన్ 14

నాకు ఆ చుక్కలు కావాలి. ఛీ.

జూన్ 15

నిన్న రాసింది కొట్టేయాలనుకున్నాను. కొట్టేయను.

చుక్కలు లేకపోతే నేరం లేదు. నేరం లేకపోతే ఓనరు దొర. ఆ గదిలో ఫ్యాన్ ఎప్పటికీ తిరగదు. మామ ముసలివాడయ్యాడు, భూతద్దం కూడా గీతలు పడిపోయింది. ఇన్ని చుక్కలు దుమ్మేనా? కాదు. సాల్వెంటే. నాకు తెలుసు.

కరపత్రం రాశాను. హెడ్డింగ్ ఒక్క ఊపులో వచ్చింది. మా అక్క మెదడుకి చిల్లులు పెట్టింది ఎవరు? కింద జవాబు, ఓనరు. జిరాక్స్ తీయించాను. సాయంత్రం షిఫ్ట్ మారేటప్పుడు గేటు దగ్గర పంచాను. చేతుల్లోంచి లాక్కున్నట్టు తీసుకున్నారు. ఒకాయన చదివి, కాగితం మడిచి, జేబులో పెట్టుకుని, నా భుజం తట్టాడు. ఇంత తేలికగా, ఇంత బలంగా నేను ఎప్పుడూ లేను.

అక్కకి చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాను.

జూన్ 16

పొద్దున్నే ఫోల్డింగ్ సెక్షన్ ఆడవాళ్లు ఇంటికి వచ్చారు. ఒకామె అక్క చెయ్యి పట్టుకుని, నన్ను గుర్తుపట్టావా తల్లీ అని అడిగింది. నిన్నగాక మొన్న నా గొడుగు పట్టుకెళ్లి ఇంకా తేలేదు, నిన్నెలా మర్చిపోతాను అంది అక్క. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఇంకొకామె జాకెట్టులోంచి కరపత్రం తీసింది.

అక్క చదివింది. ఒక కన్ను మూసుకుని చదివింది. మడిచి ఆమెకే తిరిగి ఇచ్చింది.

మధ్యాహ్నం ఓనరు నన్ను పిలిచాడు. తిడతాడనుకుని మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. నీ కాగితం చదివాను, భాష గట్టిది, బాగా రాస్తావు అన్నాడు. తర్వాత మెల్లగా, మెదడుకి చిల్లులు పడిన మనిషిని ప్రూఫ్ టేబుల్ దగ్గర ఎలా కూర్చోబెట్టమంటావు బాబూ, నువ్వే చెప్పు అన్నాడు. నేనేం రాక్షసుణ్ణి కాను, ప్యాకింగ్‌లో కుర్చీ వేయిస్తాను, పురికొస చుడుతూ కూర్చుంటుంది, దానికి రంగులతో పనేముంది అన్నాడు. సూపర్‌వైజర్ పక్కనే నిలబడి గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

నేను రాసిన మాట. నా మాటే. నా చేతిలోంచి తీసుకుని మా అక్క మెడకి తగిలించాడు.

సాయంత్రం

అక్క నోరు విప్పింది. అరిస్తే బాగుండేది. ఎవర్నడిగి వేశావురా అంది. నీ పోరాటం అన్నాను. నాది అయితే నన్నడగాలిగా అంది. తల నాది, ఫిల్ము నాది, కన్ను నాది, హెడ్డింగ్ మాత్రం నీది అంది. పని పోయిందని ఊరికి తెలిస్తే ఇంకో ప్రెస్‌లో చేరేదాన్ని, మెదడు పోయిందని చెప్పావు, ఇప్పుడు ఏ ప్రెస్‌కి పోను అంది.

అమ్మ మిషను ఆపింది. మా ఇంట్లో మిషను ఆగితే ఎంత నిశ్శబ్దమో ఇవాళ తెలిసింది.

జూన్ 17

పొద్దున లేచేసరికి అక్క ఫిల్ములన్నీ కిటికీ అద్దానికి టేపుతో అంటించి ఉంది. ఎండ వాటిలోంచి పడి నేలంతా బూడిదరంగు తలలు. నాకు వివరించాలని కాదు, తనలో తనే అనుకుంటోంది. ఓనరు దగ్గరికి వెళ్లి ఇవి దుమ్ము చుక్కలని రుజువు చేద్దామనుకుందట. అందుకే చూడటం మొదలుపెట్టిందట.

నా అంతట నేను చూస్తే గంట పట్టేది. ఆమె వేలు పెట్టి చూపించింది. మామ రంగు పూసింది ఒక్క షీటుకే. అందులో తల మధ్యన నల్లటి సీతాకోకచిలుక ఆకారం ఒకటి, దాని రెక్కల పక్కన మామ బొట్లు. ఇంకో షీటు తీసుకుంది. ఇందులో సీతాకోక తెల్లగా ఉంది, తీసిన పద్ధతే వేరు. అయినా రెక్క పక్కన అదే చోట చుక్క. మూడో షీటులో తలని పక్క నుంచి కోసినట్టు చూపించారు. అందులోనూ ఉన్నాయి, సీతాకోక మీంచి మంటలు లేచినట్టు నిలువుగా.

నాలుగు రంగులకి నాలుగు ఫిల్ములు తీస్తాం కదరా అంది. ఒకదానిలో మాత్రమే ఉంటే దుమ్ము. నాలుగింటిలోనూ ఒకే చోట పడితే? అప్పుడది ఫిల్ముది కాదు, ఒరిజినల్‌లోనే ఉంది అంది.

ఒరిజినల్ అన్నప్పుడు తన తల ముట్టుకుంది.

టేపు ముక్క వేలికి చుట్టుకుంటూ, తిమ్మిరి వచ్చింది అంది. రెండేళ్ల కిందట, పాదాల దగ్గర మొదలై నడుము దాకా. నిలబడి పని చేసినందుకేమో అనుకుందట. కొన్ని వారాలకి తనే పోయిందట. కళ్ల డాక్టరు అడిగినప్పుడు లేదని ఎందుకన్నావు అన్నాను. అవునంటే నిజమవుతుందేమోనని అంది.

రేపు నేనూ వస్తాను అన్నాను. నోరు మూసుకుని వస్తానంటే రా అంది.

జూన్ 18

మూసుకున్నాను. దాదాపు.

నరాల డాక్టరమ్మ మామ షీటుని లైటు బాక్సుకి తగిలించి, ముందుకి వంగి, ఇదేమిటి, నెయిల్ పాలిషా అంది. అక్క జరిగింది చెప్పింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వింది. తడి దూదితో తుడిస్తే బొట్లు వదిలాయి, చుక్కలు మిగిలాయి. మీ మామయ్యకి నా నమస్కారాలు చెప్పండి, ఒక్క చుక్క కూడా వదలకుండా పట్టుకున్నాడు, ఏమిటో తెలియకపోవడమే ఆయన తప్పు అంది.

తర్వాత చెప్పింది. మరిచిపోకుండా రాస్తున్నాను.

చుక్కలు చిల్లులు కావు. అక్కడ ఏమీ ఖాళీ కాలేదు. నరం మీద కరెంటు వైరుకి ఉన్నట్టు ఒక తొడుగు ఉంటుంది. ఒంట్లో కాపలా కాయాల్సిన సైన్యమే దారి తప్పి ఆ తొడుగుని గీరింది. గీరిన చోట ఎమ్మారైలో తెల్లగా కనిపిస్తుంది. తెల్ల చుక్క కనిపించినంత మాత్రాన ఈ జబ్బే అని కాదు. బీపీ వల్ల, మైగ్రేన్ వల్ల, వయసు వల్ల కూడా చుక్కలు వస్తాయి. అందుకే రిపోర్టు రాసినవాళ్లు అయ్యుండవచ్చు అని ఆగారు. మనిషిని చూడకుండా ఫిల్ము చూసి తీర్పు చెప్పకూడదనే ఆ కోరిలేషన్ మాట. నేను తల దించుకున్నాను.

మరి తేడా ఎలా తెలుస్తుంది? ఎక్కడున్నాయి, ఎలా నిలబడ్డాయి, ఎప్పటివి. సీతాకోక రెక్కలని ఆనుకుని, వాటికి అడ్డంగా వేళ్లలా నిలిచాయి. మెదడు పైపొర కింద ఇంకొన్ని. అంటే ఒకటి కంటే ఎక్కువ చోట్ల. సూది మందుకి ఒకటే మెరిసింది, మిగతావి మెరవలేదు. మెరిసింది కొత్తది, మెరవనివి పాతవి. అంటే ఒకటి కంటే ఎక్కువసార్లు. వేరువేరు చోట్ల, వేరువేరు కాలాల్లో. దానికి ఇప్పటి కన్ను, అప్పటి తిమ్మిరి కలిపితే, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నా అనుమానం అంది. ఇంకేదీ కాదని తేల్చుకోవడానికి రక్తపరీక్షలు, వెన్నుకి కూడా ఎమ్మారై.

ఎన్ని చుక్కలుంటే అంత పాడైనట్టా అని అక్క అడిగింది. కాదంది. చుక్కలు చాలా ఉండి పరిగెత్తేవాళ్లున్నారు, ఇరుకైన చోట ఒక్కటి పడి ఇబ్బంది పడేవాళ్లున్నారు. పూర్తిగా నయమైపోతుందని అబద్ధం చెప్పను, కొత్తవి రాకుండా అడ్డుకునే మందులు మాత్రం ఉన్నాయి, ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు అంది. కన్ను వారాల మీద చాలామటుకు తేరుకుంటుందనే ఆశ ఉందట. ఎరుపు మాత్రం కాస్త వెనక రావచ్చట.

అప్పుడు నేను నోరు తెరిచాను. సాల్వెంట్ అన్నాను. అక్క నా కాలు తొక్కింది. డాక్టరమ్మ తోసిపుచ్చలేదు. అలాంటి అనుమానం మీద పరిశోధనలు ఉన్నాయి, కానీ ఈ జబ్బుకి ఒక్క కారణమంటూ తేలలేదు, ఈ చుక్కని చూపించి ఇది ఫలానా డబ్బా వల్ల అని నేను చెప్పలేను, నువ్వూ చెప్పలేవు అంది. ఆ గదిలో ఫ్యాన్ తిరగాలా అన్నాను. తిరగాలి, దానికి ఎమ్మారై ఎందుకు అంది.

దానికి ఎమ్మారై ఎందుకు. దారంతా ఆ మాటే.

జూన్ 19

కంటి నరం వాపు తగ్గడానికి స్టెరాయిడ్ డ్రిప్ మొదలు. అక్కకి నోట్లో ఇనప మేకు పెట్టుకున్నట్టుందట.

జూన్ 22

డ్రిప్పులు అయిపోయాయి. అక్క కాలు ఒకచోట నిలవదు. అలమరలన్నీ సర్దింది, నా కరపత్రాల కట్టలు సైజు ప్రకారం పేర్చింది, అమ్మ దారపు ఉండలు రంగుల వారీగా పెట్టింది. నీకేనా ఆవేశం అని నన్ను ఎగతాళి చేసింది. ఉన్నట్టుండి కూర్చుని ఏడ్చింది. మందు ఏడిపిస్తోందిరా అంది. కొంత మందు, కొంత కాదు.

జూన్ 26

మిగతా పరీక్షలన్నీ వచ్చాయి. ఇంకేదీ కాదు. పేరు ఖాయమైంది. అమ్మ ఆ పేరు పలకలేక, ఆ ఇంగ్లీషుది అంటోంది. వచ్చే వారం నుంచి అసలు మందు.

చుక్కల మామ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. నిన్ను డాక్టరు దగ్గరికి పోకుండా ఆపేవాణ్ణి కదమ్మా అన్నాడు. అక్క ఫిల్ము తెచ్చి కిటికీకి పెట్టి, డాక్టరమ్మ చెప్పినట్టే అన్నీ చూపించింది. మామ భూతద్దం తీశాడు. మెరిసిన చుక్క దగ్గర చాలాసేపు ఆగాడు. దీన్ని మూయడానికి నా దగ్గర రంగు లేదు అన్నాడు. డాక్టరమ్మ దగ్గరుందిలే అంది అక్క.

జూలై 2

మూత పరీక్ష రోజూ నడుస్తోంది. ఎడమ కంటికి ఇవాళ ఇటుక రంగులో ఉందట. నొప్పి పోయింది.

అక్క ఓనరు దగ్గరికి ఒంటరిగా వెళ్లింది. నన్ను గేటు బయట నిలబెట్టింది, కుక్కని కట్టేసినట్టు. వచ్చి చెప్పింది. నా కుడి కన్ను ఎప్పటిలాగే ఉంది, ఎడమది తేరుకుంటోంది, అప్పటిదాకా ప్రూఫ్ మీద నాతోపాటు చుక్కల మామ కూడా సంతకం పెడతాడు, నా టేబుల్ నాకివ్వండి అందట. ఆయన తల ఊపి, నీ మంచికే చెబుతున్నానమ్మా, సోమవారం ప్యాకింగ్‌కి రా, లేదంటే రావద్దు అన్నాడట. అందరూ నీ గురించి భయపడుతున్నారు, నీ తమ్ముడి కాగితం చదివారుగా అన్నాడట.

గోరుచుట్టు మీద రోకటిపోటు. రోకలి నాది.

జూలై 3

మరో కరపత్రం వేద్దాం అంది అక్క. నేను నమ్మలేదు. ఈసారి నేను చెబుతాను, నువ్వు రాయి అంది.

ఆమె చెబుతుంటే రాశాను. ఓనరు రక్తపిపాసి అని చేర్చాను, కొట్టేసింది. పెట్టుబడి అని చేర్చాను, కొట్టేసింది. మెదడు అనే మాట ఎక్కడా లేదు. జబ్బు పేరు పెట్టాలా వద్దా అని అడిగాను. ఆలోచించింది. పెట్టు, దాచితే మళ్లీ చిల్లులే అనుకుంటారు అంది. ఒక్క వాక్యం. నాకు ఫలానా జబ్బు ఉంది, మందు మొదలైంది, నాకు పని వచ్చు. అంతే. ఫ్యాన్ సంగతో అన్నాను. అది అందరిదీ, దానికి వేరే కాగితం, అది నీ ఇష్టం వచ్చిన భాషలో రాసుకో అంది.

చదివితే చప్పగా ఉంది. మళ్లీ చదివితే ఎక్కడా పీకడానికి లేదు. ఇంత గట్టిగా నేనెప్పుడూ రాయలేదు. ఇది నేను రాసింది కాదు కూడా.

జూలై 4

పంచాం. ఇద్దరం కలిసి. గొడుగామె పది కాపీలు అడిగి తీసుకుంది. గొడుగు మాత్రం తేలేదు.

జూలై 5, ఆదివారం

కాగితం కింద చివరి రెండు ముక్కలు అక్క తన చేత్తోనే రాసింది. ఇక్కడ ఎక్కిస్తున్నాను.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ప్రెస్ గేటు దగ్గరికి రండి. జెండాలు వద్దు, అరుపులు వద్దు. మీ ఇంట్లో ఎర్రగా ఉన్నది ఏదైనా ఒకటి పట్టుకురండి. మూత, రిబ్బను, పిల్లల చెప్పు, ఏదైనా సరే. ఓనరుగారినీ, సూపర్‌వైజర్‌గారినీ కూడా తెమ్మన్నాను. అందరి ముందూ ఒక కన్ను మూసుకుని, తర్వాత రెండోది మూసుకుని, నాకు కనిపించింది కనిపించినట్టు చెబుతాను. ఎడమ కంటికి ఇంకా వెలిసినట్టుంటే ఆ మాటా చెబుతాను.

ఎనిమిదిన్నరకి.